అన్నీ వేసిన ఆస్ట్రేలియా హాంబర్గర్

శ్రోతలకు నమస్కారం.

ఆస్ట్రేలియాలో పాతకాలపు హాంబర్గర్ దొరికేది పెద్ద కంపెనీల రెస్టారెంట్లలో కాదు. వీధి చివర చేపల వేపుడు, చిప్స్ అమ్మే కొట్లో, లేదంటే హైవే మీద పెట్రోలు బంకును ఆనుకుని ఉండే హోటల్లో. అక్కడ ‘బర్గర్ విత్ ద లాట్’ అంటే చాలు, అన్నీ వేసి ఇస్తారు.

వెడల్పాటి ఇనప పెనం మీద ముందు ఉల్లిపాయ ముక్కలు పడతాయి. అవి ఒక పక్కన మగ్గుతుంటే మధ్యలో గొడ్డుమాంసం కీమా ముద్దను పల్చగా అదిమి కాలుస్తారు. పక్కనే బేకన్ అనే పల్చటి పందిమాంసం ముక్కలు, గుడ్డు, డబ్బాలోంచి తీసిన పైనాపిల్ చక్రం. పైనాపిల్ అంచులు గోధుమరంగుకు తిరిగేదాకా ఉంచాలి, అప్పుడే దాని తీపికి కొంచెం కారమెల్ వాసన వస్తుంది. కాల్చిన బన్నులో లెట్యూస్, టమాటా, మాంసం, దాని వేడికి కరిగే చీజ్, ఉల్లిపాయ, గుడ్డు, టమాటా సాస్ లేదా బార్బెక్యూ సాస్ చేరతాయి. వీటన్నిటితోపాటు బీట్‌రూట్.

నన్నడిగితే బర్గర్‌కు ప్రాణం ఆ బీట్‌రూటే. వెనిగర్, చక్కెర కలిపిన నీళ్లలో ఊరిన డబ్బా బీట్‌రూట్ అది. కీమాలోని కొవ్వుకూ, గుడ్డు సొనకూ ఆ పులుపు తగిలితేనే రుచి సరిపోతుంది, లేకపోతే నాలుగు ముద్దలకే మొహం మొత్తుతుంది. చెయ్యి తిరిగినవాళ్లు ముక్కల్ని బాగా వడకట్టి, బన్నుకు తగలకుండా మధ్యలో పెడతారు. లేకపోతే బన్ను తడిసి చేతిలోనే విడిపోతుంది, చొక్కా మీద మరక సరేసరి.

బీట్‌రూట్, పైనాపిల్ రెండూ ఎక్కువగా క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు పంటలే. బ్రిస్బేన్ నార్త్‌గేట్‌లో 1947లో మొదలైన గోల్డెన్ సర్కిల్ ఫ్యాక్టరీ వాటిని డబ్బాల్లోకి ఎక్కించింది. ఎండలు మండే మారుమూల ఊళ్లో కూడా డబ్బా పాడవదు, ఏడాది పొడవునా అందుబాటులో ఉంటుంది. ఆ కంపెనీని తర్వాత హైంజ్ అనే అమెరికా ఆహార కంపెనీ కొన్నది. 2011లో బీట్‌రూట్‌ను డబ్బాల్లో నింపే పనిని న్యూజిలాండ్‌కు తరలిస్తున్నట్టు ప్రకటించింది. క్వీన్స్‌లాండ్‌లోని లాకియర్ లోయలో ఆ పంట మీదే ఆధారపడిన రైతుల గతి ఏం కావాలి? దేశమంతా తమదని చెప్పుకునే వంటకంలోని ముక్క సముద్రం దాటి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈ బర్గర్‌ను ఊరూరా అలవాటు చేసినవాళ్లలో గ్రీకు దేశం నుంచి వలస వచ్చిన కుటుంబాలది పెద్ద చెయ్యి. మిక్ ఆడమ్స్ అనే గ్రీకు వలసదారు 1932లో సిడ్నీ మార్టిన్ ప్లేస్‌లో తెరిచిన మిల్క్ బార్, అంటే మిల్క్‌షేక్‌లు అమ్మే కొట్టు, చూసి అలాంటివి ఎన్నో వెలిశాయి. చాలా ఊళ్లలో మిల్క్‌షేక్‌తోపాటు హాంబర్గర్ కూడా అలాంటి కొట్లలోనే దొరికేది. తెల్లారకముందే తెరిచి, రాత్రి పొద్దుపోయేదాకా ఇంటిల్లిపాదీ కష్టపడి నడిపిన కొట్లు అవి.

1971లో సిడ్నీ శివారు యగూనాలో మెక్‌డొనాల్డ్స్ ఆస్ట్రేలియాలో తన మొదటి శాఖ తెరిచింది. అయినా ఆ కంపెనీ సైతం తర్వాత బీట్‌రూట్ వేసి ‘మెక్‌ఓజ్’ అనే బర్గర్ అమ్మవలసి వచ్చింది. జనం నాలుక అలవాటు అంత గట్టిది. వీధి కొట్లు మాత్రం సూపర్ మార్కెట్ల పోటీకి ఒక్కొక్కటిగా మూతపడుతూ వచ్చాయి. అవి లేకపోతే మన కళ్ల ముందు, అడిగినట్టుగా కాల్చి ఇచ్చే చెయ్యి ఉండదు.

ఆస్ట్రేలియాలో చదువుకో, ఉద్యోగానికో వెళ్లిన మన పిల్లలకు ఒక మాట. గొడ్డుమాంసం తినకపోతే చాలా కొట్లలో చికెన్‌తో చేస్తారు. బేకన్ వద్దంటే తీసేస్తారు. ఒకే పెనం మీద అన్నీ కాలుస్తారు కాబట్టి, పట్టింపు ఉంటే ముందే అడగండి. బీట్‌రూట్ మాత్రం వద్దనకండి.

నమస్కారం.