సౌండ్ సెట్ అమ్మేసి డిగ్రీలో చేరతాడంట! మరి ఆషాఢం ఎందుకుంది?

అమ్మొద్దు తమ్ముడూ. అమ్మొద్దు, అమ్మొద్దు, అమ్మొద్దు. చివరిదాకా చూసే ఓపిక లేనోళ్ళు ఈ ఒక్క ముక్క విని వెళ్ళిపోండి, నాకేం బాధ లేదు.

గుంటూరు కుర్రాడి రీల్ మీ అందరి ఫోన్లలోకీ వచ్చే ఉంటుంది, కథంతా మళ్ళీ చెప్పను. డిగ్రీ మధ్యలో వదిలేశాడు, డీజే పెట్టాడు, లైటింగ్ పెట్టాడు, ఊరూరా పెళ్ళిళ్ళు చేశాడు. ఇప్పుడు బాక్సులన్నీ బేరానికి పెట్టి "మళ్ళీ చదువుకుంటా" అన్నాడు. కింద సగం మంది శభాష్ అంటున్నారు, సగం మంది పిచ్చోడంటున్నారు. నేను ఏ పార్టీలోనూ లేను. చదువుకోవడం వందకి వంద కరెక్ట్. అమ్మడమే బుద్ధి తక్కువ పని. పని చేసుకుంటూ చదువుకునే వీలు ఈవెంట్స్ వాడికున్నంత ఈ దేశంలో ఇంకెవడికీ లేదు!

నవ్వకండి. పంచాంగం తీయండి. ఆషాఢంలో పెళ్ళి ఉందా? లేదు. ధనుర్మాసంలో? లేదు. భాద్రపదంలో వినాయకుడి పందిళ్ళు ఉంటాయి, పెళ్ళిళ్ళు ఉండవు. మధ్యలో గురు మూఢమో, శుక్ర మూఢమో వచ్చిందా, బాక్సుల మీద టార్పాలిన్ కప్పేసి టీ కొట్టు దగ్గర కూర్చోవడమే. అవునా కాదా? బ్యాంకు ఉద్యోగికి ఇన్ని సెలవులున్నాయా? బెంజ్ సర్కిల్ దగ్గర షోరూంలో పనిచేసే కుర్రాడికి ఉన్నాయా?

ఇప్పుడు ఇగ్నో, అదే ఇంటి నుంచే చదువుకునే కేంద్రం ఓపెన్ యూనివర్సిటీ, దాని పరీక్షలు ఎప్పుడో చూడండి. ఏడాదికి రెండు విడతలు. ఒకటి జూన్ విడత, ఇంకోటి డిసెంబర్ విడత. ఒకటి ఆషాఢం పక్కన, ఇంకోటి ధనుర్మాసం పక్కన! టైంటేబుల్ వేసేటప్పుడు ఎవరో సిద్ధాంతిగారిని పక్కన కూర్చోబెట్టుకున్నారని నా గట్టి అనుమానం. "అన్నా, జూన్ మొదట్లో ముహూర్తాలు ఉంటాయిగా" అంటారు. ఉంటే ఉండనీ. ఆ రోజు పడ్డ పేపరు తర్వాతి విడతలో రాసుకో. మూడేళ్ళ డిగ్రీకి ఆరేళ్ళ దాకా టైమిస్తారు వాళ్ళు. ఇగ్నో రీజనల్ సెంటర్ మన విజయవాడలోనే ఉంది, ఢిల్లీ పోనక్కర్లేదు. రోజూ బెజవాడ నుంచి గుంటూరు వెళ్ళే బస్సులో కిటికీలోంచి నాగార్జున యూనివర్సిటీ చూస్తారు కదా, దాంట్లోనూ దూరవిద్య ఉంది. ఇంటర్ కూడా తప్పినోళ్ళకి ఏపీ ఓపెన్ స్కూల్ ఉంది. అసలు దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ పుట్టింది మన తెలుగోళ్ళ దగ్గర, 1982లో. పెట్టింది మనం, వాడుకునేది ఊళ్ళోవాళ్ళా?

సరే, డబ్బు. ఇక్కడ నాకు ఇంకా మండుతుంది.

"డిగ్రీ లేదని లోన్ ఇవ్వరు, అందుకే చదవాలి" అని ఒక పెద్దమనిషి ఆ రీల్ కింద రాశాడు. ఎవరు చెప్పారండీ మీకు? కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్ళకి బ్యాంకు లోన్ మీద కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం, పీఎంఈజీపీ ఉంది. 2022లో పెంచాక సర్వీస్ యూనిట్‌కి, అంటే మన డీజే లాంటి పనికి, ప్రాజెక్టు 20 లక్షల దాకా పెట్టొచ్చు. అందులో చదువు షరతు ఏంటో తెలుసా? సర్వీస్ ప్రాజెక్టు 5 లక్షలు దాటితే ఎనిమిదో క్లాసు పాసవ్వాలి. ఎనిమిది! 5 లక్షల లోపైతే ఆ షరతు కూడా లేదు. పల్లెలో 8 లక్షలతో మొదలుపెట్టిన ఆడపిల్లకి సబ్సిడీ 35%, అంటే 2 లక్షల 80 వేలు. చేతి డబ్బు 5%, అంటే 40 వేలు. బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకీ ఇదే లెక్క. ఓసీ కుర్రాడికి సబ్సిడీ పల్లెలో 25%, టౌన్లో 15%, చేతి డబ్బు 10%. ఆ సబ్సిడీ మూడేళ్ళు బ్యాంకులో డిపాజిట్‌గానే ఉంటుంది, వెంటనే జేబులో పడదు. ఒక్క మెలిక, అది కొత్త యూనిట్లకే. మన గుంటూరు తమ్ముడిలా ఇప్పటికే నడుస్తున్నోడికి రాదు. వాడికి ముద్ర ఉంది, చిన్న వ్యాపారాలకి బ్యాంకులిచ్చే కేంద్రం లోన్ పథకం. 2015 నుంచీ ఉంది, తాకట్టు లేకుండా మొదట 10 లక్షల దాకా, ఆ పెద్ద లోన్ సరిగ్గా తీర్చినోళ్ళకి 2024 నుంచి 20 లక్షల దాకా.

మరి అందరికీ ఎందుకు రావట్లేదు? అక్కడికే వస్తున్నా. డిగ్రీ లేక కాదు, నీ బ్యాంకు అకౌంట్ ఖాళీగా ఉండి! పెళ్ళివారు ఇచ్చే అడ్వాన్సు క్యాషు. జనరేటర్‌ వాడికి ఇచ్చేది క్యాషు. లేబర్‌కి క్యాషు. సీజనంతా లక్షలు చేతులు మారతాయి, పాస్‌బుక్‌లో మాత్రం మొబైల్ రీఛార్జులు. మేనేజర్‌ ఏం చూసి ఇస్తాడు, నీ బేస్ బాక్సు సౌండు విని ఇస్తాడా? పైగా మూడేళ్ళ కింద ఫోను కిస్తీ ఎగ్గొట్టి సిబిల్, అదే అప్పు తీర్చే తీరుకి వేసే మార్కులు, తగలేసుకుని ఉంటావు. చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం. దానికి ఏజెంట్లకి వేలు పోసినోళ్ళున్నారు మనలో. అడిగితే "వాడు చూసుకుంటాడన్నా" అంటారు. ఏం చూసుకుంటాడు?

అప్పుడు ఎక్కడికి పోతారు? నూటికి మూడు రూపాయల వడ్డీకి. ప్రామిసరీ నోటు మీద సంతకం. 5 లక్షలు తెస్తే నెలకి 15 వేలు ఉత్త వడ్డీ, ఏడాదికి 36%. ఆషాఢంలో ఆ 15 వేలు ఎక్కడ్నించి వస్తాయి? మూఢం పెళ్ళికే గానీ వడ్డీకి ఉండదు కదా! చిట్టీ పాట పాడి ఎల్ఈడీ స్క్రీన్ కొన్నోళ్ళు కూడా నాకు తెలుసు. ఎంత నష్టానికి పాడారో వాళ్ళకే తెలీదు. ఇదిగో, దీనికి కావాలి చదువు. లోన్ కోసం కాదు, లెక్క కోసం. బీకామ్‌లో చేరి ఆ అకౌంట్స్ పేపర్లు నీ సొంత డీజే బిల్లులతో చెయ్యి. సీజన్ అడ్వాన్సుల్లోంచి ఖాళీ నెలల కిస్తీలు ముందే పక్కన పెట్టడం దానంతటదే వస్తుంది.

ఇంకో మేధావి, "ఎడ్యుకేషన్ లోన్ తీసి బాక్సులు కొంటా" అన్నాడు. బాబూ, ఫీజు డబ్బు బ్యాంకువాడు నేరుగా కాలేజీకే వేస్తాడు. నీ చేతికివ్వడు.

మధ్యలో ఒక్క మాట. మన కృష్ణా గుంటూరు పెళ్ళిళ్ళలో సంగీత్ ఎప్పుడుందండీ? మా చిన్నప్పుడు సన్నాయి మేళం, రాత్రికి ఓ ఆర్కెస్ట్రా, అంతే. ఇప్పుడు హల్దీ, మెహందీ, సంగీత్, రిసెప్షన్... ఒక్క పెళ్ళికి నాలుగు బుకింగులు. ఇలాంటి టైంలో నడిచే సెట్టు అమ్మేస్తానంటే కడుపు రగలదా?

కాబట్టి సగం ధరకి అమ్మే బదులు ముద్రకి అప్లై చెయ్యి, ఇగ్నో ఫారం నింపు, రెండూ ఒకే వారంలో. కాదనేవాళ్ళు కింద రాయండి, ఎందుకు కాదో కూడా రాయండి, ఉత్త తిట్లు కాదు.

వచ్చే వీడియో పాటల లైసెన్సు మీద. పెళ్ళి ఊరేగింపులో పాట వేస్తే డబ్బులు కట్టమంటున్నారని చాలామంది మెసేజ్ పెట్టారు. కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 కింద పెళ్ళి ఊరేగింపుకి మినహాయింపు ఉంది. ఆ సెక్షన్ ప్రింట్ తీసి బండిలో పెట్టుకోండి, మిగతాది అప్పుడు మాట్లాడదాం.