షిమానో ఎం520 రివ్యూ: పాదం సులువుగా బయటికి రావాలంటే

నమస్తే. సైకిల్ మీద క్లిప్‌లెస్ పెడల్స్‌కి (షూని లాక్ చేసి పట్టుకునే పెడల్స్) కొత్తగా మారుతున్నవాళ్లకి నేను ముందు చెప్పేది షిమానో పీడీ-ఎం520 పేరే. జత 380 గ్రాములు. రెండు వైపులా క్లీట్ (షూ అడుగున బిగించే లోహపు ముక్క) పడుతుంది కాబట్టి సిగ్నల్ దగ్గర తల వంచి చూసుకోనక్కర్లేదు. ప్లాట్‌ఫామ్, అంటే పాదం ఆనే చోటు మాత్రం చిన్నది. సోల్ మెత్తగా ఉన్న షూ వేస్తే అరికాలు మండుతుంది.

పెడల్ బిగించేటప్పుడు ఎడమ పక్కది రివర్స్ థ్రెడ్ అని మర్చిపోకండి. మరలకి గ్రీజు రాయండి.

ఇదిగో, పెడల్ వెనక ఈ చిన్న స్క్రూ. 3 ఎంఎం అలెన్ కీతో మైనస్ వైపు తిప్పితే క్లీట్‌ని పట్టుకునే స్ప్రింగ్ వదులవుతుంది, పాదం సులువుగా బయటికి వస్తుంది. ఇవి రెండు పెడల్స్‌కీ కలిపి మొత్తం నాలుగు, చాలామంది రెండే తిప్పి వదిలేస్తారు. అప్పుడు ఒక వైపు తేలిగ్గా, ఇంకో వైపు గట్టిగా వదులుతుంది. క్లిక్కులు లెక్కపెట్టి నాలుగూ సమానంగా పెట్టండి. స్క్రూ పూర్తిగా ఊడేదాకా మాత్రం తిప్పొద్దు.

పెడల్స్‌తో వచ్చేది ఎస్‌హెచ్51 క్లీట్. మడమ పక్కకి తిప్పితేనే వదులుతుంది. విడిగా దొరికే ఎస్‌హెచ్56 మీద ఎం అక్షరం ఉంటుంది, ఇది పైకి గట్టిగా లాగినా వదిలేస్తుంది. ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లు మొదట ఇదే వేసుకోండి. నిలబడి తొక్కేటప్పుడు మాత్రం జాగ్రత్త, అనుకోకుండా ఊడొచ్చు.

క్లీట్‌ని బొటనవేలి మొదట్లో ఉబ్బుగా ఉండే ఎముక కిందికి తెచ్చి, 4 ఎంఎం కీతో 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు బిగించండి. బల్ల అంచున కూర్చుని కాళ్లు వేలాడేస్తే పాదం ఎటు తిరిగి ఉంటుందో చూసి, కోణం అలాగే పెట్టండి. కాదని బలవంతంగా తిప్పి బిగిస్తే మోకాలు నొప్పెడుతుంది.

అసలు ప్రమాదం వదులైన క్లీట్ బోల్టుతో. మడమ తిప్పితే షూ తిరుగుతుంది, క్లీట్ మాత్రం పెడల్‌లోనే ఉండిపోతుంది. అప్పుడు షూ పట్టీ విప్పి పాదం బయటికి లాక్కోవడమే దారి. అందుకే మొదటి రైడ్ అవ్వగానే బోల్టులు మళ్లీ చూడండి.

ఇక సాధన. గోడ పట్టుకుని ఒక్కో కాలితో ఇరవైసార్లు క్లీట్ పెట్టి తీయండి. పెడల్ కింది వైపు ఉన్నప్పుడు మడమని బయటికి నెట్టండి, పైకి లాగకండి. తర్వాత ఖాళీ మైదానంలో, తేలిక గేర్‌లో. ఆగడానికి పది మీటర్ల ముందే, బండి కదులుతుండగానే ఒక కాలు తీసేయండి. ఆగేటప్పుడు బండి ఆ కాలి వైపే వాలాలి. రెండో వైపు వాలిందంటే ఆ వైపు కాలు తీసే వ్యవధి ఉండదు.