మూడు ఆలస్యాల సంగీతం

(హనుమకొండలో ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్తే. ఈ టేబుల్ మీద ఉన్న సర్క్యూట్‌లో ముందు సగం మాత్రమే వినండి. చప్పగా ఉంది కదా? ఇప్పుడు రెండో సగం కలుపుతున్నాను. ఇదీ స్ట్రింగ్ మెషీన్ గొంతు, అంటే వయొలిన్ల బృందంలా మోగాలని చేసిన 1970ల నాటి ఎలక్ట్రానిక్ కీబోర్డు గొంతు.

నెదర్లాండ్స్‌లోని ఎమినెంట్ కంపెనీ 1972లో తన '310' అనే ఆర్గన్‌లో ఈ స్ట్రింగ్స్ విభాగం పెట్టింది. 1974లో దాన్నే విడి వాయిద్యంగా, సొలీనా పేరుతో తెచ్చింది. అప్పటికే పేరున్న సింథసైజర్ మినీమూగ్‌లో ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. సొలీనాలో 49 మీటలూ ఒకేసారి నొక్కినా అన్నీ పలుకుతాయి.

మీటకో ఆసిలేటర్ (స్వరం పుట్టించే సర్క్యూట్) పెడితే ఖర్చు భరించలేం, శ్రుతీ నిలవదు. అందుకే పై ఆక్టేవ్ (స్థాయి)‌లోని 12 స్వరాలు మాత్రమే పుట్టించి, కింది ఆక్టేవ్‌ల కోసం వాటిని రెండుతో భాగిస్తూ పోయారు. ఆ కాలపు ఎంకే50240 చిప్ రెండు మెగాహెర్ట్‌జ్ క్లాక్‌ను 239, 253, 268 లాంటి అంకెలతో భాగించి ఆ 12 స్వరాలూ ఇచ్చేది. ఎంత చక్కని లెక్క! కానీ చిక్కంతా ఇక్కడే ఉంది. పై 'సా' నుంచే కింది 'సా' పుడితే రెండూ అడుగు తప్పకుండా కలిసే నడుస్తాయి. ఇందాక మీకు చప్పగా వినిపించింది అదే.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గర పాట విన్నారుగా. వందల గొంతులు, ఏ రెండూ సరిగ్గా ఒకే శ్రుతిలో, ఒకే క్షణంలో ఉండవు. ఆ చిన్న తేడాల వల్లే పాటకు అంత నిండుదనం.

యంత్రంలోకి ఆ తేడాను తెచ్చింది బకెట్ బ్రిగేడ్ చిప్. 1969లో ఫిలిప్స్ ల్యాబ్‌లో సాంగ్‌స్టర్, టీర్ దీన్ని కనిపెట్టారు. క్లాక్ కొట్టినప్పుడల్లా ఒక కెపాసిటర్‌లోని చార్జి పక్కదానికి జరుగుతుంది. అలా జరిగి జరిగి శబ్దం కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా బయటికొస్తుంది. క్లాక్ వేగం మారుస్తూ ఉంటే ఆలస్యం మారుతుంది, దాంతో శ్రుతి కూడా కొద్దిగా కదులుతుంది. ఇలా ఆలస్యం చేసే లైన్లు ఈ వాయిద్యంలో మూడు. ఒక్కోదాని క్లాక్‌ను రెండు ఊపులు కదుపుతాయి: ఒకటి సెకనుకు ఆరుసార్ల దాకా, ఇంకోటి రెండు సెకన్లలోపు ఒకసారి. మూడు లైన్ల ఊపుల మధ్య 120 డిగ్రీల ఎడం, అంటే ఒక చుట్టులో మూడో వంతు తేడా, ఉంటుంది కాబట్టి ఒకదాంట్లో శ్రుతి పెరుగుతుంటే మరోదాంట్లో తగ్గుతుంది. మొత్తం మీద పాట శ్రుతి చెదరదు.

ఇది వయొలిన్‌లా లేదని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. నిజమే, లేదు. నా దృష్టిలో అది లోపమే కాదు. వయొలిన్ కావాలంటే ఇవాళ కంప్యూటర్‌లో అసలు వయొలిన్ల రికార్డింగులే ఉన్నాయి. అయినా ఈ శబ్దం కోసం ఇంకా వెతుకుతున్నారంటే, ఇది దేనికీ నకలు కాని సొంత వాయిద్యం కాబట్టే.

ఇక మీరే ముందుకు రండి. మూడు లైన్లలో ఒకదాని వైరు తీసేసి వాయించండి, శ్రుతి ఎటు ఊగుతుందో మీ చెవితోనే తెలుస్తుంది.