తాళం తీశాక కొలవాల్సింది ఏమిటి: తక్కువ ధర ఆసిలోస్కోప్ బ్యాండ్‌విడ్త్ గురించి ఒక ప్రసంగం

సభకు నమస్కారం.

తక్కువ ధర డిజిటల్ ఆసిలోస్కోప్, అంటే విద్యుత్ సిగ్నల్ ఆకారాన్ని తెర మీద గీసి చూపే పరికరం, కొన్నవారి చెవిన త్వరలోనే ఒక మాట పడుతుంది. 50 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ (ఎంత వేగంగా మారే సిగ్నల్ దాకా చూపగలదన్న హద్దు) అని ముద్ర వేసి అమ్మిన పరికరంలోనూ, దాని అన్నగారైన 100 మెగాహెర్ట్జ్ మోడల్‌లోనూ ఉన్నది ఒకే బోర్డని, నడుమ ఉన్నది సాఫ్ట్‌వేర్ తాళం మాత్రమేనని ఆ మాట. చాలా మోడళ్ల విషయంలో అది నిజమే. అయితే తాళం తీయగానే మనకు కనిపించేది మెనూలో మారిన అంకె. సర్క్యూట్‌ను తాకే ప్రోబ్ మొన నుంచి తెర దాకా ఉన్న దారి అంతా ఆ అంకెకు తగ్గట్టు ఉందో లేదో కొలిచి తెలుసుకోవలసిందే. ఈ రోజు నేను మాట్లాడేది ప్రధానంగా ఆ కొలత గురించే.

ఈ వ్యవహారం అందరి నోటా పడింది 2010లో. రైగోల్ సంస్థ డీఎస్1052ఈ అనే రెండు ఛానెళ్ల స్కోప్‌ను 50 మెగాహెర్ట్జ్‌కు అమ్మేది. దాన్ని డీఎస్1102ఈ అనే 100 మెగాహెర్ట్జ్ మోడల్‌గా మార్చవచ్చని ఆస్ట్రేలియాకు చెందిన ఇంజనీరు డేవ్ జోన్స్ వీడియోలో చూపించాక అది ప్రపంచమంతా పాకింది. ఆ పెట్టె లోపల నాకు ఇంకా ఆసక్తి కలిగించేది వేరే ఉంది. అందులో సిగ్నల్‌ను అంకెలుగా మార్చే ఏడీ9288 చిప్‌లు ఐదు ఉంటాయి. ఒక్కో దానిలో రెండేసి కన్వర్టర్ల చొప్పున మొత్తం పది కన్వర్టర్లు వంతులవారీగా పనిచేసి సెకనుకు 1 గిగాశాంపుల్, అంటే వంద కోట్ల కొలతలు, ఇస్తాయి. అంటే ఒక్కో కన్వర్టర్ 100 మెగాశాంపుళ్ల వేగంతో నడుస్తుంది. వాటి మీద ఉన్న గ్రేడ్, అంటే చిప్ సంస్థ హామీ ఇచ్చిన వేగం, మాత్రం 40 మెగాశాంపుళ్లది. డేటాషీటు గీతను వినియోగదారుడి కంటే ముందు స్కోప్ తయారీదారే దాటాడన్నమాట.

తర్వాత 2014లో వచ్చిన నాలుగు ఛానెళ్ల డీఎస్1054జెడ్‌లో ఈ వ్యవహారం లైసెన్స్ కీ రూపం తీసుకుంది. ఒకే బోర్డు గీసి, ఒకే వరుసలో తయారు చేసి, వేర్వేరు ధరలకు అమ్మడం తయారీదారుకు చవక. అందుకే ఇన్‌పుట్ దశలో ఉన్న ఫిల్టర్‌ను సాఫ్ట్‌వేర్ ద్వారా బిగిస్తారు. దీన్ని మోసం అనేవారు ఉన్నారు గానీ నేను అంత దూరం వెళ్లను. పెట్టె మీద రాసినంత పని అది చేస్తోంది కదా.

ఇక అసలు విషయానికి వద్దాం. 50 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ అంటే, ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర సైన్ తరంగం ఎత్తు అసలులో 70.7 శాతానికి పడిపోతుందని అర్థం. దానికి లోపల ఉన్నదంతా ఉన్నదున్నట్టు కనిపిస్తుందని మాత్రం కాదు. 25 మెగాహెర్ట్జ్ స్క్వేర్ వేవ్‌ను తీసుకోండి. దాని ఆకారాన్ని నిలబెట్టేవి 75, 125 మెగాహెర్ట్జ్ దగ్గరున్న హార్మోనిక్‌లు, అంటే దాని ఫ్రీక్వెన్సీకి మూడు, ఐదు రెట్ల దగ్గరుండే సైన్ తరంగాలు. 50 మెగాహెర్ట్జ్ స్కోప్‌లో అవి బాగా నలిగిపోతాయి కనుక, మూలలు అరిగి సైన్ తరంగంలాంటిది కనిపిస్తుంది. 100కు పెంచితే 75 చాలావరకు నిలుస్తుంది, మూలలు తిరిగి వస్తాయి.

తేడాను కొలవడానికి ఖరీదైన జనరేటర్ అక్కర్లేదు, పదునైన ఎడ్జ్, అంటే వోల్టేజీ ఒక్కసారిగా పైకి లేచే చోటు, ఒకటి చాలు. స్కోప్ రైజ్ టైమ్‌కు, అంటే తెర మీద గీత పైకి లేవడానికి పట్టే సమయానికి, మనం వాడుకునే సూత్రం 0.35ను బ్యాండ్‌విడ్త్‌తో భాగించడం. ఆ లెక్కన 50 మెగాహెర్ట్జ్‌కు 7 నానోసెకన్లు, 100కు 3.5 నానోసెకన్లు వస్తాయి. 74ఏసీ14 ఇన్వర్టర్‌తో చేసిన చిన్న బోర్డు నుంచి సుమారు 2 నానోసెకన్ల ఎడ్జ్ వస్తోందనుకుందాం. తెర మీద కనిపించేది స్కోప్ రైజ్ టైమ్, ఎడ్జ్ రైజ్ టైమ్ రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలం. కాబట్టి తాళం తీయకముందు దాదాపు 7.3, తీశాక దాదాపు 4 నానోసెకన్లు చదవాలి. సగానికి సగం తగ్గలేదని నిరాశ పడనక్కర్లేదు. ఎడ్జ్ వేగం కూడా ఆ లెక్కలో ఉంది. అలా కాక, ముందు 7.3 ఉండి తర్వాత కూడా 7 దగ్గరే ఆగిపోతే, మారింది పేరు మాత్రమే.

అలా ఆగిపోయినప్పుడు నేను మొదట చూసేది ప్రోబ్ మీది స్విచ్. అది సిగ్నల్‌ను తగ్గించకుండా పంపే 1ఎక్స్ మీద ఉంటే, మామూలు ప్రోబ్‌కు బ్యాండ్‌విడ్త్ కొద్ది మెగాహెర్ట్జ్‌లకు మించదు. స్కోప్‌లో ఎన్ని తాళాలు తీసినా ప్రయోజనం ఉండదు. సిగ్నల్‌ను పదో వంతుకు తగ్గించే 10ఎక్స్ పెట్టి, ప్రోబ్‌ను స్కోప్‌కు సరిపోల్చే కాంపెన్సేషన్ స్క్రూ సరిచేసుకున్నాకే కొలతకు దిగాలి.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు. తాళం తీసిన సాయంత్రమే ఒక క్లాక్ లైన్ మీద ఎడ్జ్ చూస్తే, పైకి లేచాక నాలుగైదు అలలు కనిపించాయి. అంతకుముందు ఎప్పుడూ కనిపించని అలలు. స్కోప్ ఇప్పుడు నిజం చూపిస్తోందన్న సంబరంలో బోర్డు మీద సిరీస్ రెసిస్టర్లు మార్చుకుంటూ రెండు గంటలు కూర్చున్నాను. తప్పు ప్రోబ్ గ్రౌండ్ క్లిప్‌ది. పదిహేను సెంటీమీటర్ల ఆ తీగకు దాదాపు 150 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. ప్రోబ్ మొన దగ్గరి 12 పికోఫారడ్ల కెపాసిటెన్స్‌తో కలిసి అది సుమారు 119 మెగాహెర్ట్జ్ దగ్గర మోగుతుంది. పాత 50 మెగాహెర్ట్జ్ ఫిల్టర్ ఆ మోతను అణిచిపెట్టేది, కొత్త అమరిక లోపలికి రానిచ్చింది. క్లిప్ తీసేసి, ప్రోబ్‌తో పాటు వచ్చే చిన్న స్ప్రింగ్‌ను మొన పక్కనే గ్రౌండ్‌కు ఆనించగానే అలలు దాదాపు మాయమయ్యాయి.

బ్యాండ్‌విడ్త్‌తో పాటు వచ్చేది ఇంకొకటి నాయిజ్. అన్ని ఫ్రీక్వెన్సీల్లో సమానంగా పరుచుకున్న నాయిజ్ అయితే బ్యాండ్‌విడ్త్ రెట్టింపైనప్పుడు 1.4 రెట్లు పెరుగుతుంది. పవర్ సప్లై రిపుల్‌లాంటి నెమ్మది విషయాలు చూసేటప్పుడు స్కోప్ మెనూలో ఉండే 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ లిమిట్‌ను ఆన్ చేసుకోవడం మంచిది.

లైసెన్సు, వారంటీల మాట ముక్తసరిగా చెబుతాను. తయారీదారు బ్యాండ్‌విడ్త్ ఆప్షన్‌ను అమ్ముతుంటే కొనుక్కోవడమే గొడవలేని దారి. అనధికార పద్ధతిలో మార్చిన పరికరానికి వారంటీ పోవచ్చు, ఫర్మ్‌వేర్ మార్పు మధ్యలో ఆగిపోతే పరికరమే లేవకపోవచ్చు; ఫ్యాక్టరీ పరీక్ష జరిగింది కూడా ముద్ర వేసిన అంకె మేరకే. మన బల్ల మీది స్కోప్ మన ఇష్టమని ఎవరైనా అంటే వాదించను. కానీ ఇతరులకు కొలత నివేదికలు రాసి ఇచ్చే ల్యాబ్‌లో అలాంటి పరికరం ఉండకూడదనే నా అభిప్రాయం.

చివరిగా శాంప్లింగ్. డీఎస్1054జెడ్‌లో ఉన్నది హెచ్‌ఎంసీఏడీ1511 అనే ఒకే కన్వర్టర్. దాని 1 గిగాశాంపుల్‌ను ఛానెళ్లన్నీ పంచుకుంటాయి: రెండు ఛానెళ్లయితే 500, మూడో నాలుగో అయితే 250 మెగాశాంపుళ్లు. 250 దగ్గర నైక్విస్ట్ హద్దు, అంటే సరిగ్గా పట్టుకోగల ఫ్రీక్వెన్సీ పరిమితి, అందులో సగం, 125 మెగాహెర్ట్జ్. ఇప్పుడు 50 మెగాహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇస్తే, దాని మూడో హార్మోనిక్ 150 దగ్గర ఉంటుంది. తెరిచిన ఇన్‌పుట్ దాన్ని పూర్తిగా ఆపలేదు. హద్దు దాటిన ఆ ముక్క మడతపడి 100 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది. సరిసమానమైన స్క్వేర్ వేవ్‌లో సరి సంఖ్య హార్మోనిక్‌లు ఉండవు కనుక అక్కడ ఏమీ ఉండకూడదు. సిగ్నల్‌లోని ఫ్రీక్వెన్సీలను విడదీసి చూపే ఎఫ్‌ఎఫ్‌టీలో ఆ గీతను చూసి సర్క్యూట్‌లో డ్యూటీ సైకిల్ (తరంగం పైన ఉండే కాలపు వాటా) చెడిందనుకోవడం చాలా తేలిక.

ఈ బల్ల మీద ఉన్న స్కోప్‌లో ఇప్పుడు నాలుగు ఛానెళ్లూ వెలుగుతున్నాయి, తెర మీద శాంప్లింగ్ రేటు 250 అని ఉంది. మొదట ఇలాగే ఎఫ్‌ఎఫ్‌టీ చూపిస్తాను, తర్వాత మూడు ఛానెళ్లు ఆపేస్తాను. ముందు వరుసలో ఉన్నవారు 100 దగ్గరి గీత మీద కన్నేసి ఉంచండి.