ఒక్క కాలి చెప్పే జారుతుందా? పాదం బలం తగ్గుతుందేమో చూస్కోండి

(కెమెరా కింద, పాదాల మీద. హవాయి చెప్పులేసుకొని ఒకాయన నడుస్తుంటడు. ఎడమ కాలి చెప్పు ఎనకనే ఉండిపోతది, ఆయనకు రెండడుగులు పోయినంక గాని తెల్వదు.)

నమస్తే అన్నా, అక్కా. చూసిన్రు కదా. మన ఇంట్ల ఎవరికన్న ఇట్లయితే ఏమంటం, చెప్పు పాతదైంది, పట్టీ లూజైంది, కొత్త జత తెచ్చుకో అంటం. కొత్త జతల గూడ ఆ ఒక్క కాలిదే జారుతుందంటే మాత్రం చూడాల్సింది చెప్పును కాదు, పాదాన్ని.

నొప్పుంటే మనోళ్లు ఊకోరు, జిందా తిలిస్మాత్ రాస్తరు, సూది ఏయించుకుంటరు, ఎట్లన్న దవాఖానకు పోతరు. బలం తగ్గితే నొప్పి ఉండాలని లేదు, అందుకే నెలలు గడిచిపోతయ్. గడపకు కాలు తట్టుకుంటది, బూటు ముందు భాగం ఒక్క పక్కనే అరుగుతది, నడుస్తుంటే పాదం నేలకు టప్ టప్ అని కొట్టుకుంటది, మెట్లెక్కుతుంటే మోకాలు ఎక్కువ పైకి లేపాల్సొస్తది, ఇవన్ని ఇంట్లోళ్లకు ముందు కనపడ్తయ్, ఆ మనిషికి కాదు.

ఇంకోటి, ఇది మస్తు మంది మోసపోయే కాడ. నడుం నుంచి పిక్క దాక గుంజే నొప్పి ఉంటది, సయాటికా అంటరు కదా, ఒకరోజు ఆ నొప్పి దానంతటదే తగ్గిపోతది, హమ్మయ్య అనుకుంటరు, కాని అదే టైంల పాదం లేవడం ఆగిపోయిందంటే అది నయమైనట్టు కాదు, నరం ఇంకా ఎక్కువ దెబ్బతిన్నట్టు. అప్పుడు అదే రోజు డాక్టర్‌కు చూపియ్యాలె.

(ఇప్పుడు చేసి చూపిస్త. పెద్దోళ్లయితే గోడ పట్టుకొని చెయ్యాలె, పక్కన ఒకరుండాలె.)

ముందు మడమల మీద నడవాలె, వేళ్లన్ని పైకి లేపి. ఒక పక్క పాదం టక్కున కిందికి పడిపోతుందా చూడండి. తర్వాత కూసొని బొటనవేలు పైకి లేపమనండి, మీ వేలుతోని దాన్ని కిందికి నొక్కండి, రెండో కాలుకు గూడ అట్లనే చెయ్యండి, ఒక పక్క ఈజీగ వంగిపోతే తేడా ఉన్నట్టే. ఆఖరికి ఒక్క కాలి మీద నిలబడి మడమ లేపాలె, ఇది పిక్క బలం. ఎప్పుడైన రెండు కాళ్లు పోల్చి చూడాలె, ఒక్క కాలే చూస్తే ఏం తెల్వదు. ఈ మూడు బాగనే చేసినా డౌట్ ఉంటే పోయి చూపిచ్చుకోండి, ఇది ఇంటి చెక్ మాత్రమే, పరీక్ష కాదు.

ఎందుకొస్తదంటే, మోకాలు బయటి పక్కకు చెయ్యి పెట్టి కొంచెం కిందికి జరపండి, గుండ్రంగ బొడిపె లెక్క ఎముక తగులుతది. దాని కిందికెళ్లి పాదాన్ని పైకి లేపే పెరోనియల్ నరం చుట్టుకొని పోతది, దాని మీద తోలు తప్ప పెద్ద అడ్డమేం లేదు. అందుకే గంటల కొద్ది గొంతుకూసొని కలుపు తీసేటోళ్లకు, టైల్స్ ఏసే మేస్త్రీలకు (మన పాలమూరోళ్లు ఈ పనికి ఎక్కడెక్కడికో పోతరు) ఈ నరం నొక్కుకపోతది. కల్లు ఎక్కువై మంచం పట్టె మీద కాలేసి సోయి లేకుంట పడుకున్నోళ్లకు, టైటుగ కట్టిన పిండికట్టుకు గూడ అంతే. పిరుదుకు సూది తప్పు జాగల ఏస్తే ఈ నరానికి పైనున్న పెద్ద నరానికే దెబ్బ తగులుతది, సూది పైన బయటి మూలకే ఏయాలె, అడగడానికి మొహమాటపడకండి.

నడుంల డిస్క్ జరిగినా ఇదే లక్షణం. షుగర్ ఉన్నోళ్లకు నరాలు మెల్లగ పాడైతయ్, ముందు తిమ్మిరి, తర్వాత మొద్దుబారుడు. కుష్ఠు గూడ మర్చిపోవద్దు, తోలు మీద స్పర్శ లేని మచ్చ ఉండి పాదం జారుతుంటే దాచిపెట్టకండి, మందులు సర్కారు దవాఖానల ఫ్రీ, 6 నెలలో 12 నెలలో కోర్సు, నరం దెబ్బతిని 6 నెలలు దాటకముందే పోతే స్టెరాయిడ్‌తోని బలం తిరిగొచ్చే అవకాశం బాగుంటది.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి దిక్కు పెద్దోళ్ల సంగతి వేరు. ఏండ్ల కొద్ది ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగినోళ్లకు (లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు అది) వెన్నెముక లోపల ఎముక పెరిగి వెన్నుపామును ఒత్తుతది. వాళ్లకు పాదం ఏలాడదు, కాళ్లు కట్టె లెక్క బిగుసుకపోతయ్. ఫ్లోరైడే కదా, దీనికేం మందుంది అని ఒదిలేస్తరు, అది నాకు నచ్చదు, ఎందుకంటే ఒత్తిడి ఎక్కడుందో స్కాన్‌ల కనపడ్తది, కొందరికి ఆపరేషన్ పనికొస్తది.

ఇగ ఆగకుంట ఉరకాల్సిన టైం. ఒక్కసారిగ కాలుతో పాటు చెయ్యి పడిపోయినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా 108కు ఫోన్ చెయ్యండి. అది పక్షవాతం కావొచ్చు, మెదడుల రక్తం గడ్డ కరిగించే సూది మొదలైన 4.5 గంటల లోపల పడాలె, దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో హైదరాబాద్ చేరేసరికే సగం టైం పోతది, పసరు మందుకని తిప్పుకుంట కూసుంటే మిగిలింది గూడ పోతది. రెండు పాదాల నుంచి బలహీనత రోజురోజుకు పైకి ఎక్కుతుంటే గూడ ఎమర్జెన్సీనే, ఊపిరి కండరాల దాక పోవచ్చు. తొడల మధ్యల స్పర్శ పోయి ఒంటేలు బందైతే రాత్రయినా సరే బయల్దేరాలె.

అంత అర్జెంటు లేనోళ్లు నల్లగొండ, మహబూబ్‌నగర్ సర్కారు జనరల్ హాస్పిటల్‌ల చూపించుకోండి, కావాలంటే వాళ్లే నిమ్స్‌కో ఉస్మానియాకో రాస్తరు. ఓపీల కాళ్ల నొప్పులు అని చెప్పకండి, నొప్పి గోలీలు రాసి పంపిస్తరు. ఎడమ పాదం పైకి లేస్తలేదు, ఫలానా పండుగ నుంచి, అని చెప్పండి, నడిచి చూపియ్యండి, ఇంట్ల తీసిన నడక వీడియో ఉంటే ఇంకా మంచిది. నరాల కరెంటు పరీక్ష, అదే ఎన్‌సీఎస్ ఈఎంజీ, మొదటి వారంల చేస్తే పూర్తిగ బయటపడకపోవచ్చు, 2–3 వారాలైనంక మళ్లీ చేస్తమంటే పైసల కోసమే అనుకోకండి.

ఈ లోపల ఆముదంతోని గట్టిగ రుద్దుడు, వేడి ఇటుకతోని కాపడం పెట్టుడు బంద్ చెయ్యండి, స్పర్శ లేని కాలు కాలినా తెల్వదు. పాదం ఏలాడకుంట ఏఎఫ్ఓ అని ప్లాస్టిక్ పట్టా ఇస్తరు. అది హవాయి చెప్పుల నిలబడదు, పట్టీలున్న బూటు, ఒక సైజు పెద్దది తీస్కోండి, షుగర్ ఉన్నోళ్లైతే రాత్రి ఇప్పినంక ఎక్కడన్న ఎర్రగ ఒత్తుకుందా అని మడమ, చీలమండ చూడాలె, మీకు కనపడకపోతే బిడ్డనో కోడలినో పిలిచి సెల్ లైటేసి చూడమనండి.