మోకాళ్లు మొరాయించాక

శ్రోతలందరికీ నమస్కారం.

విజయనగరంలో అరవై దాటిన డాన్సు టీచరు బజారుకెళ్తే జనం ముందు పలకరించేది ఆవిడ మోకాళ్లనే. "ఏటమ్మా, కాళ్లు ఎలాగున్నాయి? ఇంకా గెంతుతున్నారా?" అంటారు. ప్రేమతోనే అడుగుతారు, కాదనను. కాళ్లు బాగాలేవు. చిన్నప్పట్నుంచీ సిమెంటు గచ్చు మీద అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమలో, ఉంటే ఎందుకు బాగుంటాయి? కీలులో ఎముకల మధ్య ఉండే మృదులాస్థికి నేరుగా రక్తం అందదు. అందుకే అది ఒకసారి అరిగితే మళ్లీ పూడటం కష్టం. డాక్టరు చెప్పింది ఇదే, నేను పిల్లలకు చెప్పేదీ ఇదే.

ఈ ఊళ్లో వయసు మాట వస్తే ఆదిభట్ల నారాయణదాసు గారు గుర్తుకు రాక మానరు. 1919లో మహారాజా వారు సంగీత పాఠశాల పెట్టి ఆయన్ని ప్రిన్సిపాల్ చేసేనాటికి ఆయనకు యాభై నాలుగేళ్లు దాటాయి. మన లెక్కలో రిటైర్మెంటు కాగితాలు సర్దుకునే వయసు. ఆయన మాత్రం 1936 దాకా ఆ బాధ్యతలో ఉన్నారు. కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, ఆడుతూ పాడుతూ కథ చెప్పే విద్య ఆయనది. హరిదాసుకు తల నెరిస్తే గౌరవం పెరుగుతుంది. డాన్సు చేసే ఆడమనిషికి తల నెరిస్తే శాలువా కప్పుతారు. "ఇక చాలమ్మా, ఇంటికెళ్లండి" అని మర్యాదగా చెప్పడమన్నమాట.

మా వారు పోయిన తరవాత ఏడాది తిరగ్గానే ఒక పిలుపు వచ్చింది. క్షేత్రయ్య పదం, అంటే ఆయన రాసిన శృంగార గీతం, చేద్దామనుకున్నాను. చుట్టాల్లో ఒకావిడ, "ఇప్పుడు శృంగారమెందుకు వదినా, ఏ భజనకో అభినయం పడితే పోలా?" అంది. బొట్టు, జడ, పూలు, అదీ ఆవిడ బెంగ. నేనేమీ అనలేదు. అద్దం ముందు కూర్చున్నాను. కంటి పక్క చర్మం వదులైపోయి, కాటుక గీత ముడతల్లోకి దిగిపోతోంది. ఒక వేలితో చర్మాన్ని చెవివైపు లాగి పట్టుకుని, రెండో చేత్తో గీయాలి. వేలు వదిలితే గీత వంకర పోతుంది. ముప్ఫై ఏళ్ల వయసులో ఈ పాట్లన్నీ ఎవరికి తెలుసు!

దుఃఖం ఉంటే అభినయం బాగా పండుతుందని చాలామంది అనుకుంటారు. అంత తేలిక కాదండీ. కరుణ రసానికి శోకమే స్థాయీభావమని, అంటే మూలంగా నిలిచే భావమని, నాట్యశాస్త్రం చెప్పిన మాట నిజమే. కానీ వేదిక మీద నిజంగా ఏడుపొస్తే ముక్కు కారుతుంది, కాటుక చెదురుతుంది, చూసేవాళ్లు కథ వదిలేసి మన మీద జాలిపడతారు. నాకు మారింది ఇంకొకటి. నాయకుడి కోసం, అంటే ప్రియుడి కోసం, ఎదురు చూసే ఘట్టంలో ఇదివరకు మెడ చాచి, వీధి చివరి దాకా చూసేదాన్ని. విసుగు, ఉడుకుమోతుతనం, అన్నీ చూపించేదాన్ని. ఇప్పుడు ఆ చూపు గడప దాటదు. తలుపు గొళ్లెం మీద ఆగుతుంది. అది నేను ఆలోచించి పెట్టుకున్న మార్పు కాదు, రిహార్సల్లో పాడే అమ్మాయి గమనించి చెప్పింది.

కాళ్లు సాగనప్పుడు చేసే నాట్యం మనకు కొత్తేమీ కాదు. గుళ్లలో, కొలువుల్లో తరతరాలుగా ఆడిపాడిన మన కళావంతులు పదాలకు కూర్చుని అభినయం పట్టేవారు. పాటలోని ఒకే పంక్తిని పదిరకాలుగా కళ్లతో, చేతులతో విప్పేవారు. ఆడపిల్లల్ని గుడికి దేవదాసీలుగా అంకితమివ్వడాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం తెచ్చింది. ఆ దురాచారం పోవాల్సిందే, చాలావరకు పోయింది. దానితో పాటు వాళ్ల ఆటా పోయింది, ఆ సంగతి పట్టించుకున్నవాళ్లు తక్కువ. తరవాత నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు ఊరూరా తిరిగి, ముసలివాళ్లయిపోయిన ఆ కళాకారిణులను కలుసుకుని, వాళ్ల దగ్గర మిగిలింది సేకరించి ఆంధ్రనాట్యానికి ప్రాణం పోశారు. అన్నేళ్లు గజ్జె ముట్టని వాళ్ల దగ్గర కూడా విద్య మిగిలే ఉందని గమనించాలి.

జపాన్‌లో కజువో ఓనో అనే ఆయన, యవ్వనంలో చూసిన ఒక స్పెయిన్ నర్తకిని తలుచుకుంటూ 1977లో, డెబ్బై దాటాక, ఒక నాట్యం కట్టారు. నడవలేని స్థితి వచ్చాక కుర్చీలో కూర్చునే చేతులతో ఆడారు. నూట మూడేళ్లు బతికారు. మన పదాభినయం ఆయన చూశారో లేదో గానీ, చూసుంటే ఆయనకూ మన కళావంతులకూ కబుర్లు బోలెడు.

మన శ్రీకాకుళం, విజయనగరం సభల నిర్వాహకులకు నాదొక విన్నపం. పెద్ద కళాకారిణిని పిలిచినప్పుడు సన్మానంతో పాటు ఒక పావుగంట పదానికి ఇవ్వండి. వేదిక మీద ఎత్తు తక్కువ పీట ఒకటి వేయించండి. రంగురంగుల లైట్లు ఆపేసి, ముఖం మీద ఒక్క తెల్ల లైటు పడేలా చూడండి. పాడేవాళ్లను ఆవిడ పక్కనే కూర్చోబెట్టండి, చెవి కూడా కాస్త మందగిస్తుంది మరి. ఇక ముందు వరుస కుర్చీల్లో వీఐపీలకు బదులు డాన్సు నేర్చుకునే పిల్లలను కూర్చోబెట్టండి. వెనక నుంచి చూస్తే కళ్లు కనబడవు.