"అకిరా లాంటిది ఇంకోటి చెప్పన్నా"

అందరికీ నమస్కారం. సినిమా వేసేలోపు పది నిమిషాలు మాట్లాడమన్నారు. సాగదీస్తున్నాననిపిస్తే మొహమాటం లేకుండా చెయ్యెత్తండి, ఆపేస్తాను.

నేను యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సినిమాలు, చూస్తానని తెలిసినవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, నిన్న రాత్రి అకిరా చూశా, మైండ్ పోయింది. అలాంటిదే ఇంకోటి చెప్పు." ఒకప్పుడు ఠక్కున చెప్పేసేవాణ్ణి. సైన్స్ ఫిక్షన్ ఉందా, ఉంది. ఫైటింగులు ఉన్నాయా, ఉన్నాయి. ఇంకేం, చూసెయ్. మా బాబాయి కొడుక్కి కూడా అలాగే ప్యాట్‌లేబర్ 2 అంటగట్టాను. రోబోలుంటాయని మరీ ఊరించాను. పొద్దున్నే ఫోన్ చేశాడు. "రోబో ఎప్పుడొస్తుందా అని చూసీ చూసీ నిద్రపోయా. వాళ్లందరూ కార్లో కూర్చుని మాట్లాడుకుంటూనే ఉంటారేంటన్నా?" తప్పు వాడిది కాదు, సినిమాదీ కాదు. నాదే.

గోంగూర పప్పు బాగుంది, ఇలాంటిదే ఇంకోటి వండమని ఎవరైనా అంటే, నచ్చింది పులుపా, పప్పా అని అడగాలి కదా. పులుపు కోసం వచ్చినవాడి ముందు ముద్దపప్పు పెట్టాను నేను. అప్పటి నుంచి ఎవరడిగినా ముందు నేనే ఒక ప్రశ్న వేస్తున్నాను. "ఏ సీన్ వెనక్కి తిప్పి మళ్లీ చూశావ్?"

అకిరా విషయంలో ఈ ప్రశ్న బాగా పనిచేస్తుంది. ఎందుకంటే అందులో రెండు మూడు సినిమాలకు సరిపడా సరుకు ఉంది. కత్సుహిరో ఒటోమో 1982లో మొదలుపెట్టిన మాంగా (జపాన్ బొమ్మల కథ) ఇంకా నడుస్తుండగానే, 1988లో తనే డైరెక్ట్ చేసి సినిమాగా తెచ్చాడు. కథ 2019 నాటి నియో టోక్యోలో. లక్షా అరవై వేలకు పైగా సెల్స్, అంటే పారదర్శక షీట్ల, మీద చేత్తో వేసిన బొమ్మలు. జపాన్‌లో మామూలుగా బొమ్మలయ్యాక గొంతులు చెప్పిస్తారు. ఇక్కడ ముందు మాటలు రికార్డు చేసుకుని, వాటికి తగ్గట్టు పెదాలు గీశారు. ఆ మొండితనం తెర మీద ప్రతిచోటా కనిపిస్తుంది.

సగం మంది చెప్పేది బైక్ సీనే. రాత్రి రోడ్డు మీద బైకులు దూసుకుపోతుంటే, వెనక ఎర్ర లైటు అక్కడే గాల్లో రిబ్బన్‌లా కాసేపు నిలిచిపోతుంది. అది చూసి ఒళ్లు జలదరించినవాడికి తాత్వికత అక్కర్లేదు, స్పీడు కావాలి. వాళ్లకు కళ్లు మూసుకుని రెడ్‌లైన్ చెబుతాను. 2009 సినిమా, తకేషి కోయికే తీశాడు, మ్యాడ్‌హౌస్ స్టూడియో. ఏడేళ్లు పట్టింది, దాదాపు లక్ష బొమ్మలు చేత్తో వేశారు. కథ అగ్గిపెట్టె మీద రాసేంత. కార్ల రేసు, అది జరగాల్సిన గ్రహంలోని సైన్యానికి ఆ రేసు ఇష్టం లేదు. అంతే. కానీ హీరో నైట్రో నొక్కగానే కారు రబ్బరులా సాగుతుంది, వాడి మొహం సాగుతుంది, మన కుర్చీ కూడా సాగినట్టుంటుంది. లాజిక్ అడగొద్దు. సౌండ్ మాత్రం పెంచుకోండి.

ఇంకొందరికి బైక్ గుర్తుండదు. అందులోని కుర్రాడు టెట్సువో చెయ్యి గుర్తుంటుంది. తన ఒళ్లు తన మాట వినకుండా ఉబ్బిపోతుంటే వాడు పడే భయం. అదిగో, వాళ్లకు ఘోస్ట్ ఇన్ ద షెల్. 1995, మమోరు ఓషీ. పేరు అందరూ వినే ఉంటారు, గంటన్నర కూడా లేదు, అయినా చాలామంది సగంలో ఆపేశామంటారు. చివరి దాకా ఉండండి, ఎందుకో చెబుతాను.

నీళ్లు నిండిన పాడుబడ్డ మ్యూజియం. యంత్రంతో చేసిన ఒళ్లున్న హీరోయిన్, మేజర్ మోటోకో కుసనాగి, ఒక్కతే ఒక యుద్ధ ట్యాంకుతో తలపడుతుంది. గోడ మీద జీవవృక్షం చెక్కి ఉంటుంది, ట్యాంకు తూటాలు దాన్ని కింది నుంచి పైకి వరసగా తినేసుకుంటూ పోతాయి. ఆమె ట్యాంకు మీదికెక్కి మూత పట్టుకుని లాగుతుంది. వీపు కండలు ఉబ్బుతాయి, చర్మం చిట్లుతుంది, ఇంకా లాగుతుంది. మూత ఊడదు. ఆమె చేతులు ఊడిపోతాయి. ఏ సినిమాలోనైనా ఆ క్షణంలో హీరో గెలవాలి. ఇక్కడ ఒళ్లు ఓ పనిముట్టు, దాని కెపాసిటీ అంతే. అంతకుముందే పడవలో కూర్చుని ఆమె, తోటి ఉద్యోగి ఓ మాట అనుకుంటారు. ఉద్యోగం మానేయొచ్చు, కానీ ఈ ఒంటిని ప్రభుత్వానికి తిరిగిచ్చేయాలి. మనం రిజైన్ చేసిన రోజు ల్యాప్‌టాప్, ఐడీ కార్డు ఇచ్చేసి వస్తాం చూడండి, అలాగ. మొదటిసారి నవ్వొచ్చింది. మా ఆఫీసులో సామాన్లు అప్పగించిన రోజున మాత్రం ఆ పడవ సీనే గుర్తొచ్చింది.

ఇది నచ్చిందని వెంటనే 2004లో వచ్చిన రెండో భాగం మీద పడొద్దు. కాన్స్ పోటీకి వెళ్లిన సినిమా, బొమ్మలు అద్భుతం, కానీ పాత్రలు నోరు తెరిస్తే కొటేషన్లే. ఓ ఆర్నెల్లు ఆగండి.

ఇక మూడో రకం. వీళ్లు తక్కువమంది, కానీ వీళ్లతో మాట్లాడటం నాకిష్టం. అకిరాలో వీళ్లకు నచ్చేది ఊరు. వీధుల్లో స్టూడెంట్ల గొడవలు, చేతకాని నాయకులు, చివరికి సైన్యంలోని కర్నల్ అధికారాన్ని చేతిలోకి తీసుకోవడం. మా తమ్ముణ్ణి నిద్రపుచ్చిన ప్యాట్‌లేబర్ 2 అసలు వీళ్ల కోసమే. అది 1993 సినిమా. దానికి ముందటేడే జపాన్ చట్టం చేసి తన సైనికుల్ని ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో కంబోడియాకు పంపింది. ఇంటి దగ్గర శాంతి, ఎక్కడో దూరంగా యుద్ధం, ఆ శాంతి ఎవరి ఖర్చు మీద అని సినిమా అడుగుతుంది. మంచు పడుతున్న టోక్యోలో రోడ్ల పక్కన ట్యాంకులు నిలబడి ఉంటే, జనం వాటి పక్కనుంచే ఎప్పట్లాగే నడిచి పోతుంటారు. తుపాకీ పేలదు. కానీ టెన్షన్‌తో చచ్చిపోతాం.

అకిరా డైరెక్టరే కదా అని స్టీమ్‌బాయ్ చూస్తామంటే చూడండి. ఆవిరి, గొట్టాలు, పళ్లచక్రాలు బాగుంటాయి. అకిరాలో ఉన్న కసి మాత్రం నాకు కనిపించలేదు. దానికంటే 1995 నాటి మెమొరీస్ మేలు. మూడు చిన్న కథలు, మొదటిదానికి స్క్రిప్టు సతోషి కోన్ రాశాడు. అది నచ్చితే 2006లో ఆయనే తీసిన పప్రికాకు దారి తెలిసినట్టే.

ఒక మాట, ఇక్కడున్న చిన్నవాళ్లకు. 2025లో డీమన్ స్లేయర్ తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకు వచ్చింది, మీలో చాలామంది అక్కడే మొదలుపెట్టారని తెలుసు. ఆ వేగానికి అలవాటైన కళ్లకు ఈ పాత సినిమాలు నిదానంగా ఉంటాయి. మొదటి పావుగంట ఓర్చుకోండి.

ఈరోజు వేస్తున్నది ప్యాట్‌లేబర్ మొదటి భాగం, 1989. ఇందులో రోబోలు ఉన్నాయి, తమ్ముడూ, ఈసారి నిజంగానే ఉన్నాయి. నగరమంతా వాటితోనే కట్టడాలు కడుతోంది. వాటిలో వేసిన కొత్త ఆపరేటింగ్ సిస్టంలో ఏదో తేడా ఉంది. దాన్ని రాసిన ప్రోగ్రామర్ మొదట్లోనే సముద్రంలోకి దూకేస్తాడు, అదీ నవ్వుతూ. పైనుంచి తుఫాను వస్తోంది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లు ఇక్కడ సగం మందైనా ఉంటారు, ఇంటర్నెట్ ఇళ్లలోకి రాకముందే ఈ కథ ఎలా అల్లారో మీరే చెప్పాలి.

తెలుగు డబ్బింగ్ లేదు, సబ్‌టైటిల్సే. అక్షరాలు కాస్త చిన్నవి. వెనక వరసలో ఉన్నవాళ్లు ముందుకొచ్చేయండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ ఫ్యాన్ కాస్త తగ్గిస్తారా, గాలి చప్పుడు సరిగా వినపడాలి. ఎందుకో సినిమా అయ్యాక మాట్లాడుకుందాం.